నాలుగో సీటు

కొండల నడుమ మా ఊరు పెంట్రెగ్లాస్‌లో గడ్డం గీయించుకోవాలంటే ఉన్నది ఒక్కటే కుర్చీ. అది డెలిత్ బెవన్‌ది. ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చేతిలో కత్తి కూడా ఉంటుంది కాబట్టి మగాళ్ళందరూ నోరు మూసుకుని భరిస్తారు. ఇంకో సెలూన్ కావాలంటే కొండ దాటి పోవాలి మరి.

అలాంటి మనిషికి ఓ రోజు నిజంగానే ఒళ్ళు మండింది. బస్సు నడిపి రిటైరైన ఎమ్లిన్ ఇల్లు పట్టపగలు అంటుకుంది. ఫైరింజన్ ఉండే షెడ్డు సెలూన్‌కి కూతవేటు దూరంలోనే ఉంది. తలుపులు బార్లా తీసున్నాయి, ఇంజన్ గుర్రుమంటోంది, హెల్మెట్లు పెట్టుకున్న ముగ్గురు మగాళ్ళు లోపల కూర్చుని ఉన్నారు. బండి మాత్రం అంగుళం కదల్లేదు.

డెలిత్ చేతిలో దువ్వెనతోనే పరుగెత్తింది. "ఏవయ్యా, అక్కడ కొంప కాలిపోతుంటే ఇక్కడ పెళ్ళివారిలా కూర్చున్నారేం?"

స్టేషన్ పెద్ద ఇవోర్ తల పట్టుకున్నాడు. "నలుగురుంటేనే బండి తియ్యాలి డెలిత్. మేం ముగ్గురమే ఉన్నాం. పక్క ఊరి బండి బయల్దేరింది."

"అయితే నేనెక్కుతా, జరగండి."

"అలా ఎక్కేస్తానంటే కుదరదు. పరీక్షలుంటాయి, నేర్చుకోవాలి."

"నేర్చుకుంటే ఎక్కనిస్తారా?"

"ఎందుకెక్కనివ్వం?"

"ఈ మాట మర్చిపోకు ఇవోర్. నేను మర్చిపోను."

పక్క ఊరి బండి కొండెక్కి దిగి వచ్చేసరికి ఎమ్లిన్‌కి గోడలే మిగిలాయి. వీధిలో గుమికూడిన జనంలో గొర్రెల వేలం పాడించే టెగ్విన్ రీస్ ఉన్నాడు. చిన్నప్పుడు డెలిత్, అతనూ ఒకే బల్ల మీద చదువుకున్నారు. "ఎమ్లిన్ బస్సు ఏనాడూ టైముకి రాలేదు, ఇవాళ ఫైరింజనూ రాలేదు, చెల్లుకి చెల్లు!" అని పకపకా నవ్వాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. డెలిత్ అతనికేసి చూసిన చూపుకి పక్కనున్నవాళ్ళు రెండడుగులు జరిగారు.

మా ఊళ్ళో జీతానికి నిప్పార్పే వాళ్ళెవరూ లేరు. ఇవోర్ మేకులూ తాళాలూ అమ్ముకుంటాడు. మిగిలిన ఇద్దరూ రొట్టెల కొట్టు అన్నదమ్ములు. నడుముకున్న పేజర్ కుయ్యిమంటే చేస్తున్న పని వదిలి షెడ్డుకి పరుగెత్తాలి, అంతే. చీకటి పడ్డాక అయితే పదిమంది వస్తారు. పగలు అందరూ కొండ అవతల ఉద్యోగాల్లో ఉంటారు. ఎమ్లిన్ ఇల్లు కాలాక పెద్దాఫీసువాళ్ళు వచ్చి తెగేసి చెప్పారు: పగటిపూట ఇంకొక్కసారి మనుషులు చాలక బండి ఆగిందంటే, బండిని శాశ్వతంగా పట్టుకుపోతాం.

ఇవోర్ ఇంటింటికీ తిరిగాడు. ఒకడికి నడుము నొప్పి, ఒకడికి భార్య ఒప్పుకోదు, ఇంకొకడికి మొన్నటిదాకా లేని ఆస్తమా. డెలిత్ ఒక్కతే ఆఫీసుకెళ్ళి కూర్చుంది.

అక్కడి అధికారి మర్యాదగానే అడిగాడు. "మీ వయసెంతండీ?"

"నలభై ఏడు. దీనికి వయసు దాటిపోవడం అంటూ ఉందా?"

"లేదండీ."

"మరైతే ఎందుకడిగారు?"

ఆయన గబగబా దరఖాస్తు కాయితం ముందుకు తోశాడు.

మొదటిసారి ఆమె ఓడిపోయింది. నిచ్చెన లేపింది, మనిషంత బరువున్న బొమ్మను వెనక్కి ఈడ్చింది, కళ్ళకు గంతలున్న ముసుగేసుకుని ఇరుకు గొట్టంలో పాకి బయటపడింది. పరుగులో దొరికిపోయింది. గంట కొట్టేలోపు ఈ గీత నుంచి ఆ గీతకి చేరాలి, గంటలు పోనుపోను దగ్గరపడతాయి. పాతికేళ్ళు ఒక్కచోట నిలబడి కత్తెర ఆడించిన కాళ్ళవి, ఎక్కడ పరుగెడతాయి? గోడకానుకుని వగరుస్తూ ఏడ్చేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ ఎప్పుడు పెడతారు?" అని అడిగింది.

ఆ చలికాలమంతా చర్చి వీధి ఎగువకి ఆమె పరుగెత్తడం ఊరికి వేడుకైపోయింది. వానలో, బురదలో, ఏప్రన్‌తోనే. కిటికీల్లోంచి చూసి నవ్వనివాడు పాపాత్ముడు.

"ఏమే డెలిత్," అన్నాడు టెగ్విన్ ఓ రోజు కుర్చీలో కాళ్ళు బార చాపి. "కుంటి గొర్రె కూడా నీకంటే బాగా పరుగెడుతుందే. మా మందలో కలుపుకోనా?"

డెలిత్ అతని గడ్డం పైకెత్తి, గొంతు మీద కత్తి ఆనించింది. "కత్తి ఎవరి చేతిలో ఉందో చూసుకుని మాట్లాడరా టెగ్విన్."

వసంతంలో ఆమె పరుగులోనూ నెగ్గింది. వేసవిలో శిక్షణ ముగించి పేజర్ నడుముకి కట్టుకుంది. ఇక ఊరు మెచ్చుకుందా? మెచ్చుకోలేదు. ఈసడించుకుంది. ఆమె మొదటి రెండుసార్లు గొర్రెల దొడ్డి, గడ్డివామి అంటూ పరుగెత్తినప్పుడు సగం క్రాఫుతో మిగిలిన ఇద్దరినీ చూసి జనం నవ్వారు. "సగంలో పారిపోయే సెలూన్" అని పేరు పెట్టింది టెగ్వినే. కొండ అవతల సెలూన్‌కి పోవడం మొదలెట్టారు కొందరు. డెలిత్ గుమ్మానికి ఓ పలక తగిలించింది: "పేజర్ మోగితే పోతాను. ఇష్టమైతే రండి, లేకపోతే పెంచుకోండి."

"ఆ పలక తీసెయ్యి డెలిత్, నీ పొట్ట మీద నువ్వే కొట్టుకుంటున్నావు," అన్నాడు ఇవోర్.

"నా పొట్ట నా ఇష్టం. బండి మాత్రం ఆగకూడదు."

పొట్టేళ్ళ వేలం రోజు వచ్చింది. ఏడాదిలో టెగ్విన్‌కి అదే పెద్ద పండగ. నాలుగు లోయల రైతులూ వస్తారు, ఎత్తు బల్ల మీద నిలబడి రోజంతా అరుస్తాడు. గడ్డం నున్నగా ఉండాలి, కొండ దాటేంత తీరిక లేదు. తిట్టుకుంటూనే వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. డెలిత్ నురగ పూసి కుడి చెంప శుభ్రంగా గీసింది. ఎడమ చెంప మీద కత్తి పెట్టబోతుండగా పేజర్ కుయ్యిమంది.

టెగ్విన్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఈ ఒక్కసారికి మానుకోవే, నీ పుణ్యముంటుంది. అక్కడ ముగ్గురున్నారుగా!"

"ముగ్గురుంటే ఏమైందో కిందటేడు చూశావుగా. వదులు."

"ఈ గుమ్మం దాటావో, జన్మలో నీ కుర్చీ ఎక్కను. మా రైతులెవర్నీ ఎక్కనివ్వను. కొట్టు మూసుకోవాల్సిందే, చెప్తున్నా."

ఉత్తుత్తి బెదిరింపు కాదది. ఆమె గిరాకీలో సగం ఆ రైతులే. డెలిత్‌కి ఆ సంగతి తెలుసు. అయినా చెయ్యి విదిలించుకుంది.

"మూసుకుంటాలేరా," అని కత్తి బల్ల మీద పడేసి పరుగెత్తింది.

షెడ్డులో ఇవోర్ స్టీరింగు దగ్గర ఉన్నాడు. అన్నదమ్ములిద్దరూ బూట్లు బిగించుకుని కూర్చున్నారు. ముగ్గురూ తలుపు వైపే చూస్తున్నారు. డెలిత్ కోటు తొడుక్కుంటూనే ఎక్కి నాలుగో సీట్లో పడింది. బండి కదిలింది.

మధ్యాహ్నానికి ఆమె సెలూన్‌లో ఆగి కత్తీ నురగ డబ్బా జేబులో వేసుకుని, అవే బూట్లతో, భుజాన తువ్వాలుతో వేలం దొడ్డిలోకి నడిచింది. టెగ్విన్ ఎత్తు బల్ల మీద ఉన్నాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప మాసినట్టుగా. కొనేవాళ్ళు పొట్టేళ్ళను వదిలేసి అతన్నే చూస్తున్నారు. డెలిత్ కనపడగానే అతను వేలం ఆపేశాడు.

"అదిగో వచ్చింది! ఏం ఆర్పిందో అడగండి! వృద్ధాశ్రమంలో ఎవరో రొట్టెముక్క మాడ్చారట! మాడిన రొట్టెముక్క కోసం నన్ను సగంలో వదిలి పోయింది మహాతల్లి!"

దొడ్డంతా గొల్లుమంది. డెలిత్ నవ్వు తగ్గేదాకా నిలబడింది.

"అవునురా, రొట్టెముక్కే. తలుపు తీసి లోపలికెళ్ళి చూశాం కాబట్టి రొట్టెముక్క అని తెలిసింది. మెట్ల మీదకి పొగ కమ్మేసింది, మేడ మీద మంచం దిగలేని వాళ్ళున్నారు. నా చెయ్యి పట్టుకుని ఆపావే, ఎక్కడ కాలుతోందని ఒక్కసారైనా అడిగావా?"

నవ్వులు ఆగిపోయాయి. టెగ్విన్ మొహంలో రంగు మారింది. ఎత్తు బల్ల దిగి, వేలానికి అరిచే గొంతు కాకుండా చిన్న గొంతుతో అడిగాడు. "డెలిత్... మేడ మీద మా అమ్మ..."

"బాగానే ఉంది. రొట్టె కాల్చే టోస్టర్ దుప్పటి కింద దాచుకుంది ఆవిడే. రొట్టె మాడ్చిందీ ఆవిడే. కిందికి మోసుకొస్తుంటే నా వీపు మీద నుంచి ఒకటే తిట్లు, 'మెల్లగా నడవ్వే గుర్రమా' అని."

టెగ్విన్ పొట్టేళ్ళ మధ్య ఓ బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు. గడ్డం ఎత్తాడు. డెలిత్ జేబులోంచి కత్తి తీసింది. నాలుగు లోయల జనం చూస్తుండగా ఎడమ చెంప మీద నురగ పూసింది.

"మళ్ళీ మోగితే?" అన్నాడు టెగ్విన్ కళ్ళు మూసుకునే.

"మళ్ళీ సగంలోనే పోతా. కదలకు."