ఆగేటప్పుడు వెలిగే ఎర్ర దీపం

హాజరైనవారు: దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంట్రన్స్ కోచింగ్ సెంటర్ నడిపే డైరెక్టర్ గారు, ఆయన జనరేటర్ ఆపరేటర్ యాదగిరి, సర్వీస్ ఇంజనీర్‌గా నేను. వస్తువులు: సెల్లార్‌లో పాత డీజిల్ జనరేటర్, పక్కనే స్టూలు మీద న్యూస్‌పేపర్ పరిచి శవంలా పడుకోబెట్టిన ఏవీఆర్. వాసన: కాలిన వార్నిష్.

అది 2022 వేసవి. నా పోస్టింగ్ ఎల్.బి.నగర్ సర్వీస్ బ్రాంచిలో. వయసు రీత్యా నేనింకా రిటైర్ కాలేదు. జనరేటర్ల నుంచి మాత్రం అయ్యాను. కనుక నిజం చెప్పడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు.

ఏవీఆర్ అంటే ఆటోమేటిక్ వోల్టేజ్ రెగ్యులేటర్. అరచేతిలో పట్టేంత పెట్టె. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌లో వోల్టేజి తగ్గితే, అందులో అయస్కాంతంలా పనిచేసే ఫీల్డ్ తీగచుట్టకు కరెంటు పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. అంతకుమించి దానికి లోకజ్ఞానం లేదు. ఇంజన్ వేగం తగ్గితే వోల్టేజి పడుతుంది. మనం ఆపబోతున్నామని ఏవీఆర్‌కు తెలియదు. ఎలాగైనా వోల్టేజి నిలబెట్టాలని కరెంటు కుమ్మరిస్తుంది, చివరికి తానే కాలుతుంది. అలా జరగకుండా అందులోనే ఒక రక్షణ ఉంటుంది. వేగం ఒక హద్దుకంటే తగ్గగానే పట్టుదల మాని వోల్టేజిని కూడా పడనిస్తుంది. ఆ పని చేస్తున్నంతసేపూ దాని మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. హద్దును నిర్ణయించే స్క్రూను ఎవరూ ముట్టకూడదని కంపెనీ దాని మీద పసుపు పెయింటు చుక్క పెట్టి పంపుతుంది.

ఆ సెంటర్‌లో కాలిన ఏవీఆర్‌లలో ఇది మూడోది. నేను బ్యాగు దించేలోపే డైరెక్టర్ గారు తీర్పు చెప్పేశారు.

"ఈ యాదగిరికి జనరేటర్ ఆపడం చేతకాదండీ. ఆపరేటర్ తప్పేనని మీరొక్క మాట అనండి, రేపట్నుంచి రావద్దంటాను."

ఆయన గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఫిజిక్స్ చెబుతున్నారు. విద్యుదయస్కాంత ప్రేరణను పాటలా చెబుతారని పేరు.

యాదగిరిది నల్లగొండ వైపు. "నేనేం జేసిన సార్? కరెంటొస్తె లోడ్ దీస్త, ఇంజన్ సల్లారనీకి జరసేపు నడుపుత. డీజిల్ దండగని సారే స్పీడ్ తగ్గియ్యమన్నడు. గట్లనే జేస్తున్న. నా బిడ్డ పైన సగం ఫీజుకు సదువుతున్నది. నన్నెల్లగొడితె దాని సీటు గూడ పోతది."

కాలిన ఏవీఆర్ తిప్పి చూశాను. పసుపు చుక్క పగిలి ఉంది. స్క్రూ చివరిదాకా తిరిగి ఉంది. ఎవరు తిప్పారని అడిగాను.

"నేనే," అన్నారు డైరెక్టర్ గారు, బహుమతి అందుకునే గొంతుతో. "గాలి ఆడుతుందని మూత తీయించానా, ఆపిన ప్రతిసారీ ఎర్ర లైటు కనబడేది. ఎరుపంటే ఫాల్టే కదండీ! ఆరేదాకా తిప్పా. మూడింటికీ నేనే సెట్ చేశా."

"లైటు ఆరిన్నాడు మాకందరికి చాయ్ గూడ తాపిండు," అన్నాడు యాదగిరి.

ఆ దీపం రోగం కాదు, కాపలా అని వివరించాను. కాపలాదారుణ్ణి తానే పంపించేసి, దొంగలు పడ్డారని వంటమనిషిని తీసేస్తున్నారని మాత్రం అనలేదు. అప్పుడు ఉద్యోగంలో ఉన్నాను.

కొత్త ఏవీఆర్ బిగించాను. ఇంజన్ స్టార్ట్ చేసి, లోడ్ తీసి, వేగం తగ్గించాను. ఎర్ర దీపం వెలిగింది.

"అదుగో! కొత్తదానికీ ఫాల్టే!" అన్నారు డైరెక్టర్ గారు.

యాదగిరి తల పట్టుకున్నాడు. స్క్రూడ్రైవర్ మళ్లీ దిగుతుందని, నాలుగోది కాలిన రోజు తన నౌకరీ ఉండదని అతనికి అర్థమైంది. ఫీల్డ్ కరెంటు ఎక్కువ కావడం లేదని మీటరు పెట్టి చూపించబోయాను. "థియరీ నాకు చెప్పకండి, ఆ లైటు ఆర్పండి," అన్నారు ఆయన.

బ్యాగులోంచి నల్ల ఇన్సులేషన్ టేపు తీసి, ముక్క కత్తిరించి, దీపం మీద అతికించాను. ఆయన వంగి రెండు వైపుల నుంచీ చూశారు.

"ఇప్పుడు కుదిరింది. మొదటే ఇలా చేస్తే పోయేదిగా? సర్లే యాదగిరీ, ఉండు. జాగ్రత్తగా ఆపు."

ఆయన మెట్లెక్కాక యాదగిరి గొంతు తగ్గించి అడిగాడు. "ఏం మందేసినవ్ సార్ దానికి?"

"మందు దానికి గాదన్నా," అన్నాను.

నేర్చుకున్నది ఇది: యంత్రానికి రక్షణ అమర్చడం సగం పని, ఆ రక్షణను యజమాని కంట పడకుండా చేయడం మిగతా సగం. నేను ఉద్యోగం మానేనాటికి యాదగిరి అక్కడే ఉన్నాడు. ఆ మధ్యకాలంలో అక్కడ కాలిన ఏవీఆర్‌లు: సున్నా. వాడిన టేపు: రెండు సెంటీమీటర్లు.