నా కారుకు ముక్కు మార్చిన ఆదివారం

ఉద్యోగంలో చేరిన కొత్తలో, లోకంలో తనకు చేతకాని పని లేదనిపించే రోజులు కొన్ని ఉంటాయి. నాకు ఆ రోజులు బెజవాడ పటమటలో, మా ఇంటి ముందు నిలబెట్టిన నీలం కారు చుట్టూ గడిచాయి. సెకండ్ హ్యాండుదే అయినా టర్బో ఇంజిన్. కాలు పెడితే కృష్ణ మీది వారధి ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో తెలిసేది కాదు. (ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు లెండి.) అంతటి బండికి కంపెనీ వాళ్ళు పెట్టిన గాలి గొట్టం చూస్తే మాత్రం నా ప్రాణం ఉసూరుమనేది. ఇంజిన్ వేడికి కాగిన గాలి కాకుండా బయటి చల్లగాలి పీల్చుకునే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ పెడితే బండి ఇంకా హుషారుగా పోతుందని చదివి, కిట్టు తెప్పించాను. మెరిసే అల్యూమినియం గొట్టం, దాని చివర గరాటులాంటి ఎర్ర ఫిల్టరు. మెకానిక్‌కు ఇవ్వను, నేనే బిగిస్తానని ఇంట్లో ప్రకటించాను.

"తయారు చేసినోళ్ళకి తెలియంది నీకు తెలిసిందా?" అన్నారు నాన్న, పేపరు దించకుండానే. "సరే, కానీ. సాయంత్రానికి బండి సరిగ్గా నడవలేదనుకో, తాళాలు నా చేతిలో పెట్టెయ్. దాన్ని అమ్మేస్తా. బుద్ధిగా బస్సెక్కి ఆఫీసుకెళ్దువుగాని."

"అలాగే" అన్నాను. అంత తేలిగ్గా ఎలా అనేశానా అని తర్వాత చాలాసేపు నన్ను నేనే తిట్టుకున్నాను.

బెజవాడ ఎండలో బానెట్ కింద తల దూర్చి పాత ఫిల్టరు డబ్బా ఊడదీశాను. లోపలికెళ్ళే గాలిని కొలిచే సెన్సరును పసిపిల్లను ఎత్తుకున్నంత జాగ్రత్తగా తీసి కొత్త గొట్టంలో అమర్చాను. ఇంజిన్ వేడి తగలకుండా రేకు అడ్డం పెట్టి, క్లాంపులు బిగించాను. మధ్యమధ్యలో మజ్జిగ తెచ్చిస్తున్న అమ్మ, ఎదురింటి ఆంటీతో గర్వంగా, "మావాడు కారుకి ముక్కు మారుస్తున్నాడండీ" అంది. (ఇంజనీరింగ్ చదివి కూడా నేను అంత చక్కగా ఎవరికీ వివరించలేకపోయాను.)

చేతులు కడుక్కుని వచ్చేసరికి అమ్మ పూజ ముగించి బానెట్ మూసేసింది. బండికి పసుపు కుంకుమలు, చక్రాల కింద నిమ్మకాయలు. వీధిలో సగంమంది పోగయ్యారు. నాన్న గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. స్టార్ట్ చేస్తే బాగానే అందుకుంది. నిమ్మకాయలు తొక్కించి యాక్సిలరేటర్ నొక్కాను. బండి ఊపిరాడనట్టు గింజుకుంది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అదే వరస. నాన్న గేటు దగ్గర్నుంచి కదిలారు. దగ్గరికొచ్చి అరచేయి చాపారు.

"ఒక్క నిమిషం నాన్నా" అని దిగి బానెట్ ఎత్తాను. క్లాంపులు గట్టిగానే ఉన్నాయి. సెన్సరు వైరూ ఉంది. ఇంకేం తక్కువైందని, కడిగిన చేతులకు మళ్ళీ మసి పూసుకుంటూ అడుగుదాకా వంగి చూస్తే, నా ఫిల్టరు మెడలో ఒత్తుగా కట్టిన బంతిపూల దండ! ఇంజిన్ పీల్చిన ఊపుకు పూలన్నీ దానికి అతుక్కుపోయాయి.

"కొత్త వస్తువు బోసిగా ఉంటే ఏం బాగుంటుందిరా? అందుకే వేశా" అంది అమ్మ.

"ముక్కని నువ్వే చెప్పావు కదమ్మా! ముక్కుల్లో పూలు కుక్కితే ఊపిరెట్లా ఆడుద్ది?"

వీధంతా గొల్లున నవ్వింది. వేసిన దండ తీయకూడదని అమ్మ కాసేపు మారాం చేసింది. చివరికి ఆమె చేతనే తీయించి లోపల అద్దానికి కట్టించాను. పూరేకలన్నీ ఏరి, దేవుడా అనుకుంటూ యాక్సిలరేటర్ నొక్కాను. బుస్సుమని గాలి పీల్చుకుని బండి ఒక్కసారి గర్జించింది. ఎదురింటి ఆంటీ రెండడుగులు వెనక్కి వేశారు.

నాన్న మళ్ళీ అరచేయి చాపారు.

"నడిచింది కదా నాన్నా!" అన్నాను, స్టీరింగు వదలకుండా.

"నడిచిందనేగా అడుగుతోంది. దిగు, ఓ రౌండు తిప్పుకొస్తా."

స్కూటరు మీద కూడా నెమ్మదిగా వెళ్ళే మనిషి, మలుపు తిరగ్గానే కాలు గట్టిగా పెట్టారు. ఆ చప్పుడు రెండు వీధుల అవతలి నుంచి వినబడుతుంటే, "అది నేను బిగించిందే" అని ఎవరూ అడగకపోయినా అందరికీ చెప్పాను. ఆయన చాలాసేపటిదాకా తిరిగి రాలేదు. అప్పుడే రాకపోతే బాగుండుననిపించింది, ఆ చప్పుడు అలా వింటూ నిలబడొచ్చని.

ఇప్పుడు నేను నడిపేది చప్పుడే లేని కరెంటు కారు. హాయిగానే ఉంది. కానీ మసి చేతులతో నడివీధిలో ఛాతీ విరుచుకుని నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. నేను అలా నిలబడి ఎన్నేళ్ళయిందో!