పూజకి విప్పిన క్లాంపులు

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లకు పైగా వడ్రంగి. రిటైరయ్యాక ఆయన కాలక్షేపమల్లా నన్ను తిట్టడమే. నేను ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో టెక్నీషియన్‌ని. పలచటి చెక్కలు జిగురుతో అతికి చేసిన స్తంభాలు ఎంత బరువు మోస్తాయో పరీక్షించాలని మా సారు వడ్రంగి కోసం వెతుకుతుంటే, ఉండబట్టలేక నాన్న సంగతి చెప్పాను. మూడు స్తంభాలూ నిలబడితే కాలేజీలో కట్టబోయే కొత్త షెడ్డు పనంతా ఆయనకే ఇస్తానన్నారు సారు. ఆ మాట విన్నాక నాన్న మళ్లీ రోజూ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు.

పరీక్ష రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, వ్యాన్ రిక్షా బల్ల మీద స్తంభాల పక్కనే కూర్చుని ప్రేమ్ బజార్ మీదుగా వచ్చాడు. మొదటిదాన్ని బరువు మోపే యంత్రంలో నిలబెడుతుంటే మాటల్లో అన్నాడు.

"జిగురెట్టిన మర్నాడే ఇశ్వకర్మ పూజ వొచ్చీసింది. క్లాంపులు బిగించి ఉంచితే పనిముట్లకి సెలవిచ్చినట్టేటి? అన్నీ ఇప్పీసినాను."

ఆ పూజనాడు ఈ ఊళ్లో సుత్తి కూడా కదలదు, నిజమే. కానీ ఆ వారమంతా ముసురు. ఆ తేమలో జిగురు గట్టిపడాలంటే ఇంకో రెండు రోజులైనా చెక్కల్ని క్లాంపులతో నొక్కిపెట్టి ఉంచాలి. తిడదామంటే నోరు రాలేదు. ఆ క్లాంపులు కడిగి, వరుసగా పేర్చి, కుంకుమ బొట్లు పెట్టింది నేనే. ఎక్కణ్ణుంచి విప్పావని ఒక్క మాట అడిగితే నా సొమ్మేం పోయేది? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం.

సారు తలూపారు. బటన్ నొక్కాను. అంకెలు పెరుగుతుంటే నాన్న ముఖం వెలిగింది.

"సూడు, ఎలా మోస్తందో!"

అంతలో చిటచిటమంది. చెక్క విరగలేదు. అతుకులు వీడి పలకలు దేనికది వంగిపోయాయి.

నాన్న దగ్గరికెళ్లి విడిన చోట వేలితో రాసి చూశాడు. జిగురు పొట్టులా రాలింది. ఆయనకి ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

"మిగతా రెండూ ఇంతేనేటమ్మా?"

"ఆఁ నాన్నా."

"నీకు ముందే తెల్సిందా?"

క్లాంపుల మాట అన్నప్పుడే తెలిసిందన్నాను. సారుతో చెప్పి ఆపించాలనిపించింది. కానీ మూడిటినీ నొక్కి చూసేదాకా పరీక్ష ముగియదు. ఆ నియమం కొత్తవాళ్లకు నేర్పేది నేనే. రెండోదీ అలాగే వీడింది. ఏమీ చెయ్యలేకపోవడమంటే ఏమిటో ఆ బటన్ మీద వేలుంచుకుని తెలుసుకున్నాను.

మూడోది నిలబెట్టాక నాన్న కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నొక్కమ్మా," అన్నాడు. "సారు ఎదురు సూస్తన్నారు."