కారు కళ్ళకు పొర తీసిన రోజు

బుద్ధిగా ఉన్న కారుని ఒక్క మధ్యాహ్నంలో గొర్రెపిల్లగా మార్చడం ఎలాగో మీలో ఎవరికైనా నేర్చుకోవాలనుంటే నా దగ్గరికి రండి. ఉచితంగా నేర్పుతాను. అసలు ఖర్చు లేకుండా చెయ్యాలన్న ఆశతోనే కదా నేనూ ఆ ఘోరానికి ఒడిగట్టింది.

అప్పటికి గుంటూరులో ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా కొత్తగా చేరాను. జీతం చిన్నది, కలలు పెద్దవి. ఆ కలల్లో ఒకటి పాత కారు రూపంలో ఊళ్ళో మా ఇంటిముందు నిలబడి ఉండేది. దానికి అన్నీ బాగానే ఉన్నాయి, హెడ్‌లైట్లు తప్ప. ఏళ్ళతరబడి ఎండకు మాడి వాటి అద్దాలు పచ్చబడి మసకబారిపోయాయి. చీకట్లో లైట్లు వేస్తే దారి కనిపించేది కాదు, ముందెక్కడో దారి ఉందన్న నమ్మకం మాత్రం కలిగేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా నాయనమ్మ కళ్ళకూ పొర వచ్చింది. నన్ను పెంచిన మనిషి. రోడ్డు దాటుతూ మిరపకాయల ట్రాక్టరుకి ఎదురెళ్ళింది, డ్రైవరు చూసుకున్నాడు గనక సరిపోయింది. ఆలస్యం చేస్తే చూపు దక్కదని డాక్టరు చెప్పాడు. ఆవిడేమో కంట్లో కత్తి పెట్టనివ్వనని భీష్మించుకు కూర్చుంది. బతిమాలాను, అలిగాను, అన్నం మానేస్తానని బెదిరించాను. ఆ పూట ఆవిడ గోంగూర పచ్చడి నూరింది, నా బెదిరింపు అక్కడే చచ్చిపోయింది. ఎన్ని చెప్పినా ఒకటే మాట, భయంగా ఉందిరా అని. నాకూ భయంగానే ఉంది.

ఆసుపత్రికి రమ్మన్న రోజుకి ముందురోజు పొద్దున, వరండాలో కూర్చుని కారు వంక చూస్తూ ఉన్నట్టుండి అంది.

"దాని కళ్ళకీ పొర పట్టింది గదరా. పచ్చగా కనపడతా ఉంది."

"నీదీ దానిదీ ఒకటే జబ్బు నాయనమ్మా. తీసేస్తే చక్కగా కనపడద్ది."

"అయితే ముందు దానికి తియ్యి. అది బాగుపడితే రేపు నేనూ వస్తా."

ఇక చూస్కోండి నా హడావిడి. షాపుకి ఇస్తే అయ్యే ఖర్చు నావల్ల కాదు. ఫోనులో వీడియో చూశాను. ఉప్పు కాగితం తడిపి రుద్దాలి, టూత్‌పేస్టుతో తోమాలి, పైన వార్నిష్ పూసి ఆరనివ్వాలి, అంతే. తలుపులకు వేయగా మిగిలిన వార్నిష్ అటక మీద ఉంది, టూత్‌పేస్టు ఎలాగూ ఉంది. చేతులు పడిపోయేలా రుద్దాను, తోమాను. అబద్ధమెందుకు చెప్పాలి, ఆ అద్దాలు తళతళలాడిపోయాయి. అక్కడితో ఆపి ఉంటే మీకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

వార్నిష్ దట్టంగా పట్టించి, ఎండ బాగా పడుతుందని కారుని పక్కింటి రోశయ్య బాబాయి వాకిట్లోకి తోసుకెళ్ళి పెట్టాను. పక్కనే నులకమంచం వాల్చి నడుం వాల్చాను. చలికాలపు ఎండ దుప్పటిలా వెచ్చగా ఉంది. చేలవైపు నుంచి ఎండు మిరపకాయల ఘాటు సన్నగా వస్తోంది. గాలిలో తెల్లటి నూగు మెల్లగా తేలుతూ, ఎండ తగిలినచోట బంగారు రంగు తిరిగి, ఏ తొందరా లేకుండా కిందికి దిగుతోంది. దాన్ని చూస్తూనే నిద్రలోకి జారిపోయాను. కలలో నాయనమ్మకి చూపొచ్చేసింది. ఇద్దరం కారులో పోతున్నాం, నేల మీద కాదు, ఆ తెల్లదనంలోనే, చప్పుడు లేకుండా. ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపి, దాటిపోతున్న ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతోంది. నాకు లేవాలనిపించలేదు.

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. పత్తి తీతల కాలంలో మా ఊరి గాలినిండా దూదే. టీలో ఉంటుంది, కనుబొమ్మల మీద ఉంటుంది. పుట్టినప్పటినుంచీ చూస్తూ చూస్తూ, అది ఉందన్న సంగతే మర్చిపోతాం. ఆ మధ్యాహ్నం బాబాయి లారీకి పత్తి ఎత్తిస్తున్నాడు. కూలీలు పైకెక్కి తొక్కుతుంటే లేచిన దూదంతా తిన్నగా వచ్చి నా తడి వార్నిష్ మీద కాపురం పెట్టింది.

బాబాయే తట్టి లేపాడు. "ఏరా అబ్బాయ్, కారుకి చలేస్తందా?"

చూద్దును కదా, రెండు లైట్లకీ ఒత్తుగా తెల్లటి బొచ్చు. పీకితే వేళ్ళకి అంటుకుంది. గుడ్డతో తుడిస్తే గుడ్డ పీచు కూడా దానికి తోడైంది. బాబాయి పాపం నోటితో ఊది చూశాడు. నాకు ఏడుపొచ్చింది. కారు ఏమైపోయినా ఫరవాలేదు, రేపు నాయనమ్మ రాదు, అదీ నా ఏడుపు.

అంతలో ఆవిడే గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. కారు ముందు నిలబడి, కళ్ళు చిట్లించి, చాలాసేపు చూసింది.

"పచ్చదనమంతా పోయిందిరా," అంది. "మల్లెపువ్వులా ఉంది."

బాబాయి నోరు తెరవబోయాడు. నేను ఆయన కాలు తొక్కాను.

"నొప్పి పుట్టలా దానికి?"

"లేదు నాయనమ్మా. అసలు కదల్లేదు."

"అయితే రేపు పోదాం పద."

మర్నాడు పట్టపగలు, లైట్లతో పని లేని వేళ చూసి బయల్దేరాం. ఒక కంటికి ఆపరేషను చేశారు. కట్టు విప్పగానే నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, చిక్కిపోయావురా అంది. ఆ సంతోషంలో మైమరచి ఆవిడ చెయ్యి పట్టుకుని తిన్నగా కారు దగ్గరికి నడిపించుకొచ్చాను. ఎంత తెలివితక్కువ పనో చూడండి.

ఆవిడ ఆగిపోయింది. వంగి, గట్టిపడిపోయిన ఆ దూదిని గోటితో గీకింది. తర్వాత ఆ కొత్త కంటితో నన్ను ఎగాదిగా చూసింది.

"ఇది ఆ రోజే సరిగ్గా కనపడుంటే, నేను ఆసుపత్రి గడప తొక్కేదాన్నే కాదు."

ఇకమీదట కారుకి గానీ, లారీకి గానీ, చివరికి పిల్లలాడుకునే బొమ్మ కారుకి గానీ ఈ జన్మలో కంటి వైద్యం చెయ్యనని అక్కడికక్కడే చెయ్యెత్తి ప్రమాణం చేశాను. నాయనమ్మ ఆ ఎత్తిన చెయ్యి వంక చూసి, గోళ్ళు పెరిగాయి, కత్తిరించుకోమంది.