ఆపకు, ఆగు

పోయిన ఆదివారం ఇక్కడ అమెరికాలో మా చర్చిలో ఒక పెద్దాయనకి డెబ్భయ్యో పుట్టినరోజు చేశాం. ఆయన కేక్ కోశారు, పాట పాడాం, చప్పట్లు కొట్టాం. ఫోన్‌తో వీడియో తీస్తున్న మనవరాలు చప్పట్లు ఆగీ ఆగగానే బటన్ నొక్కేసింది. టింగుమని చిన్న చప్పుడు. సరిగ్గా ఆ తర్వాతే పెద్దాయన కేక్ ముక్క తీసుకుని, పోయినేడు దాకా భార్య కూర్చున్న పక్క కుర్చీ వైపు చెయ్యి చాపారు. అక్కడెవరూ లేరని గుర్తొచ్చి, ఆ ముక్క తన నోట్లోనే పెట్టుకున్నారు. అది ఏ ఫోన్‌లోనూ లేదు. "ఆపకు, ఆగు" అని నా నోట్లోంచి తెలుగులో వచ్చేసింది. ఆ పిల్ల అయోమయంగా చూసింది. ఆ మాట నాది కాదు, సులోచన ఆంటీది.

ఎనభైల మొదట్లో నేను డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో అమ్మానాన్నల దగ్గర ఉంటూ జర్నలిజం చదువుతున్నాను. తొమ్మిదేళ్లప్పుడు తెనాలి నుంచి వచ్చినదాన్ని. నా తెలుగు వంటింటి గడప దాటేది కాదు. దగ్గర్లోని ఒక చిన్న కేబుల్ టీవీ స్టేషన్‌లో మాలాంటి విద్యార్థులు వారానికో వీడియో కథనం తీసేవాళ్లం. ఎవరింట్లో ఏం వండుతారు, ఎవరు తోట ఎలా పెంచుతారు, చలికాలానికి ఇల్లు ఎలా సర్దుకుంటారు, ఇలాంటివి. వార్తలంటే యుద్ధాలూ ఎన్నికలూ అనుకున్న నాకు ఈ కూరలూ కర్టెన్లూ చిన్నతనంగా ఉండేవి. మా మీద అజమాయిషీ సులోచన ఆంటీది. పెళ్లికి ముందు ఆవిడ మద్రాసులో, సినిమా నెగెటివ్‌లు కత్తిరించి అతికించే గదిలో పనిచేశారు. స్టేషన్‌లో అమెరికన్లు ఆవిడ పేరుని సులో చేసి, చివరికి స్లోకి దించారు. "నా పేరు పలకటం రాలేదు గానీ, నా పద్ధతి మాత్రం కనిపెట్టేశారు" అని నవ్వేవారు.

నా మొదటి కథనం ఉద్యోగం పోయిన ఒక కార్ల ఫ్యాక్టరీ కార్మికుడి గురించి. ఖాళీగా కూర్చోలేక అతను ఇంట్లో రొట్టెలు చేయడం నేర్చుకున్నాడు. స్టేషన్ వాళ్లకి సరదాగా ఉండాలి, అతనూ సరదాగానే మాట్లాడాడు. పిండి ఎలా కలపాలో, ఎంతసేపు ఊరనివ్వాలో జోకులేస్తూ చెప్పి, చివర్లో థాంక్యూ అన్నాడు. నా వెనక నుంచి ఆంటీ గుసగుసగా "ఆగు, ఆగు" అన్నారు. నేను టక్కున కెమెరా ఆపేశాను. మా ఇంట్లో ఆగు అంటే చేస్తున్న పని మానెయ్యమని. కెమెరా దించి చూద్దును కదా, అతను పిండి చేతులతోనే మొహం కప్పుకుని కుర్చీలో కూలబడి ఉన్నాడు. చేతులు తీశాక చెంపల మీద తెల్లటి వేళ్ల గుర్తులు.

కార్‌లో కూర్చున్నాక ఆంటీ మొదలుపెట్టారు. "ఆగమంటే ఆపావేంటమ్మాయ్?"

"మీరే కదా ఆంటీ, స్టాప్ చేయమన్నారు?"

"ఆపటం వేరు, ఆగటం వేరు. ఆపేది మిషన్ని. ఆగాల్సింది నువ్వు. మాట అయిపోయాకే మనిషి బయటికొస్తాడు."

"అయితే ఆయన ఏడుపు టీవీలో వేస్తారా?" అన్నాను కోపంగా.

"చచ్చినా వెయ్యను. చూపించమన్నానా నిన్ను? చూడమన్నాను."

ఆ రోజు ఆవిడంటే ఒళ్లు మండింది. తర్వాత తర్వాత, ఎవరింటికెళ్లినా మాటలయ్యాక కెమెరా తిప్పుతూ నిలబడటం నాకు అలవాటైపోయింది. మాట అయ్యాక మనుషులు ఉంగరం తిప్పుకుంటారు, ఖాళీ మంచం వైపు చూస్తారు, గిన్నె మీద మూత సరిచేస్తారు. కూరల కథనాల్లో కూడా బతుకులుంటాయని నాకు అలా తెలిసింది. తెలుగు చదవడం, రాయడం కూడా ఆవిడే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పారు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆవిడ చలవే. టేపుల దగ్గర మాత్రం మహా చండశాసనురాలు. కొత్త టేపులు మాకు దొరికేవి కావు, ఉన్నవాటినే చెరిపి వాడుకోవాలి. "పేరు రాసుంటే ముట్టుకోవద్దు. పేరు లేకపోతే అది ఖాళీ టేపు, తీసుకెళ్లి వాడెయ్యండి." వచ్చిన ప్రతి విద్యార్థికీ ఆవిడ మొదట చెప్పే మాట అదే.

రెండో ఏడు ఆకులు రాలే కాలంలో ఆవిడ తలకి స్కార్ఫ్ కట్టుకుని రావడం మొదలైంది. చెవిపోటన్నారు. చర్చిలో ఎందుకు చిక్కిపోయారని అడిగితే గ్యాస్ ట్రబుల్ అన్నారు. కడుపులో క్యాన్సర్ అని తెలిసింది భర్త ప్రసాద్ అంకుల్‌కి, ఆ తర్వాత నాకు. నాకైనా ఎందుకు చెప్పారంటే, కెమెరా కావాలి కాబట్టి. మనవాళ్లకి జబ్బంటే ఇంత సిగ్గెందుకో నాకు ఈనాటికీ అర్థం కాదు. తలుచుకుంటే ఇప్పటికీ మండిపోతుంది.

"రూత్‌కి ఐదేళ్లు. రేపు పెద్దదయ్యాక దానికి నా మొహం ఫోటోల్లో దొరుకుద్ది. గొంతు ఎక్కడ దొరుకుద్ది?" అన్నారు.

వాళ్ల వంటింట్లో కిటికీ పక్కన కుర్చీ వేసి తీశాను. రూత్‌కి తెలుగు అంతంతమాత్రమే కాబట్టి ఇంగ్లీష్‌లో చెప్పమన్నాను. ఆంటీ తల అడ్డంగా ఊపారు. "ఇంగ్లీష్‌లో అయితే అది ఆఫీస్ గొంతమ్మా, అమ్మ గొంతు కాదు. దానికి అర్థం కాకపోతే నువ్వున్నావుగా, చెప్పు." అలా ఆ పని నా మీద పెట్టారు. తర్వాత కూతురితో మాట్లాడారు. అది పుట్టిన రాత్రి కురిసిన మంచు గురించి, ఆ పేరు ఎందుకు పెట్టారో, నాన్నని ఒంటరిగా భోజనానికి కూర్చోనివ్వొద్దని. ఎక్కడా గొంతు వణకలేదు. నాకే కళ్లు మసకలై కెమెరాలో ఏమీ కనబడలేదు.

"అంతే" అన్నారు చివరికి. నేను ఆపలేదు. ఆవిడ నన్ను చూసి చిన్నగా నవ్వి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. కాసేపటికి బయట స్కూల్ బస్ ఆగింది. రూత్ తలుపు తోసుకుని లోపలికొచ్చి, ఆకలి అంటూ బల్ల మీది గిన్నెలో చెయ్యి పెట్టబోయింది.

"చేతులు కడుక్కున్నావా?"

"యా, మామ్."

"ఏదీ, ఇటియ్యి." ఆ చిన్న అరచేతులు రెండూ ముక్కు దగ్గరికి తీసుకున్నారు. "సబ్బు వాసనేదే, దొంగా!" ఇద్దరూ ఒకటే నవ్వు. ఆ చేతులు అలాగే మొహానికి ఆనించుకుని, చాలాసేపటికి నా వైపు తిరిగి "ఇప్పుడు ఆపు" అన్నారు.

టేపు మీద పేరు రాయబోతే వద్దన్నారు. "నా పేరు చూస్తే స్టేషన్‌లో అందరూ అడుగుతారు. రేపో ఎల్లుండో నేనే కాపీ చేసుకుంటాలే." పట్టుకెళ్లి స్టేషన్‌లో తన గది అలమరలో పెట్టుకున్నారు. ఆ వారమే హాస్పిటల్‌లో చేరారు. మళ్లీ స్టేషన్‌కి రాలేదు. క్రిస్మస్ ముందు పోయారు, టేపు భద్రంగా ఉందన్న ధీమాతోనే.

సమాధి కార్యక్రమమయ్యాక అంకుల్ అడిగారు, "అమ్మా, మీ ఆంటీ ఏదో టేపు చేసిందన్నావు కదా" అని. ఆ అలమరలోంచి టేపు తెచ్చి, స్టేషన్ నుంచే మోసుకొచ్చిన మిషన్‌లో వాళ్ల హాల్లోనే వేశాను. తెరమీద ఎవరో అమెరికన్ ఆవిడ క్రిస్మస్ బిస్కెట్ల మీద రంగు చక్కెర చల్లుతోంది. పేరు లేని టేపు ఖాళీ టేపు. మాతో పనిచేసే కుర్రాడెవరో తీసుకెళ్లి వాడేసి, తిరిగి అక్కడే పెట్టాడు. అతనూ ఆంటీ శిష్యుడే. బిస్కెట్ల మాట అయిపోయాక కూడా ఆపలేదు, ఆగాడు. ఆగిన ఆ కాసేపట్లో ఇంకెన్ని మాటలు చెరిగిపోయాయో. ఎవరినని తిట్టను? అంకుల్ కదలకుండా ఆ బిస్కెట్ల వంకే చూస్తున్నారు. మిషన్ ఆపబోయి ఎందుకో ఆగాను.

తెరంతా గీతలు పడి, ఉన్నట్టుండి ఆ వంటిల్లు వచ్చింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్న ఆంటీ. బస్ చప్పుడు. తలుపు. "చేతులు కడుక్కున్నావా?"

సోఫా మీద కూర్చున్న రూత్ గబుక్కున లేచి వంటింట్లోకి పరుగెత్తింది. నీళ్ల చప్పుడు వినిపించింది. తడి చేతులు రెండూ ముందుకు చాపుకుని వచ్చి టీవీ ముందు నిలబడింది. అంకుల్ అప్పుడు ఏడ్చారు.

రూత్ ఇప్పుడు టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటోంది. వాళ్లమ్మ పోయిననాటి వయసు ఎప్పుడో దాటేసింది. ఏటా వాళ్లమ్మ పోయిన రోజున నాకు ఫోన్ చేస్తుంది. "ఆంటీ, టేపులో మిగిలినదానికి ముందు అమ్మ ఏం చెప్పింది?" అంటుంది తన అమెరికా యాసలో. మంచు కురిసిన రాత్రి గురించి చెబుతాను, పేరు గురించి, నాన్న భోజనం గురించి. "తర్వాత?" అంటుంది. తర్వాత ఆంటీ ఇంకా చాలాసేపు మాట్లాడారు. అవి విన్నది ప్రపంచంలో నేనొక్కదాన్నే. ఒకప్పుడు అన్నీ గుర్తుండేవి. ఇప్పుడు ఏది ఆవిడ మాటో, ఏది నేను కలుపుతున్నదో నాకే తెలియడం లేదు. కల్పించి చెప్పడానికి నోరు రాదు.

"అంతేనమ్మా" అంటాను. రూత్ ఫోన్ పెట్టదు. నేనూ పెట్టను. ఆగుతాను.