కాలు విరిగినవాడి వేషం

నా కుడి ముంజేయి ఎముక విరిగి ఉన్న ముప్పావు గంటసేపూ నేను సరిగ్గా నటించలేదని మూడు పాళేల జనం ముందు మైకులో చెప్పారు. "కాలు విరిగిన పాత్ర వేసిన పెద్దాయన ఇంకాస్త లీనమై చేసుంటే బాగుండేది" అని. మాటలు ఇవే. నేను ఒక్క అక్షరం కలపలేదు, తీయలేదు.

చెయ్యి సంగతి వేరు. డెబ్బై రెండేళ్ళ ఎముక, ఎప్పుడో ఒకప్పుడు విరగాల్సిందే. దాని గురించి నేను ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. నా తగువంతా మైకులో అన్న ఆ మాట గురించి.

జరిగింది తుపాను మాక్ డ్రిల్లు. తుపాను వస్తే జనాన్ని ఎట్లా తరలించాలో ముందుగానే ఒకసారి చేసి చూసుకోవడం. నిరుడు వానలకు ముందు అధికారులు మా పాళేనికి వచ్చి, తుపాను షెల్టరు ముందు అందరినీ కూర్చోబెట్టి, మెడలో వేసుకునే అట్టలు పంచారు. ఒక్కో అట్ట మీద ఒక్కో వేషం. గర్భిణి, పాము కరిచినవాడు, కాలు విరిగినవాడు, నీళ్ళలో మునిగి చనిపోయినవాడు. ఆ చివరి అట్టను మావాళ్ళెవరూ ముట్టుకోలేదు. తెల్లారితే సముద్రం మీద చేపల వేటకు పోయేవాళ్ళు ఆ మాట మెడలో వేసుకుంటారా? చివరికి దాన్ని ఒక ఇసక బస్తాకు కట్టి, బస్తానే శవం అనుకోమన్నారు. గర్భిణి అట్టకూ అదే తంటా. నిజంగా కడుపుతో ఉన్న పిల్లను వాళ్ళత్త వెయ్యనివ్వలేదు. నా భార్య లేచి పోయి, "ఇట్టియ్యమ్మా, నాకింక దిష్టి తగిలేదేముంది" అని తన మెడలో వేసుకుంది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

నేను నవ్వలేదు. నాకు వచ్చింది కాలు విరిగినవాడి వేషం. ఎవరేమనుకున్నా సరే, ఇరవై ఏళ్ళ తర్వాత నాకు దొరికిన వేషం అది.

నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. పడవల మీద పెరిగాను. పొట్లాల కాగితాల మీద చదవడం నేర్చుకున్నాను. ఆ తర్వాత గ్రంథాలయంలో నాటకం మీద ఉన్న పుస్తకాలన్నీ, అట్టలు ఊడినవాటితో సహా, చదివాను. నాకు నటన నేర్పిన గురువంటూ లేడు. మనుషులను చూసి నేర్చుకున్నాను. మా గంగమ్మ కొలుపుకు ఏటా నాటకం వేసేవాళ్ళం, మా బడి అయ్యవారే రాసేవారు. ఒక ఏడు నాది తండ్రి వేషం. కొడుకు ఎక్కిన పడవ తిరిగి రాలేదని ఒడ్డున ఆ తండ్రికి చెబుతారు. పడవ రాని ఇళ్ళు నేను చూసినవాణ్ణి. ఆ మాట విన్న తండ్రి గుండెలు బాదుకోడు. చేతిలో ఉన్న పని చేసుకుంటూనే ఉంటాడు, ఆపితే తర్వాత ఏం చెయ్యాలో తెలియక. నేనూ అట్లాగే వల బాగుచేస్తూ కూర్చున్నాను. జనం ఈలలు వేశారు. తెర పక్కనుంచి అయ్యవారు, "ఏడవరా, ఏడువు" అని పళ్ళు కొరికారు. మరుసటి ఏడు ఆ వేషం గట్టిగా ఏడవగలిగేవాడికి పోయింది, నాకు మళ్ళీ వేషమే రాలేదు. ఈలలు వేసిందెవరో ఇవాళ్టికీ చెప్పగలను. పేర్లు రాయను. సగంమంది పోయారు, మిగిలిన సగంమంది రోజూ నాకు ఎదురుపడుతుంటారు.

అందుకని ఆ అట్ట మెడలో పడ్డాక నేను ఊరికే ఉండలేకపోయాను. గూడూరు వెళ్ళి, విరిగిన ఎముకలకు కట్లు కట్టే ఒకాయన ఇంటి అరుగు మీద రెండు రోజులు కూర్చున్నాను. నీకేమైందని అడిగితే, ఏమీ కాలేదు, చూడ్డానికి వచ్చానన్నాను. మతి చెడినవాణ్ణనుకున్నారు. అక్కడ నేను చూసింది ఇది. కాలు విరిగినవాడు తన కాలును చూసుకోడు. దగ్గరికి వచ్చేవాళ్ళ పాదాలను చూస్తాడు, ఎక్కడ తగులుతారో అని. చేతిని కాలికి జానెడెత్తున గాలిలో కాపలా పెడతాడు, ఆనించడు. అరుపు ముట్టుకున్నప్పుడు రాదు, ముట్టుకోబోతుండగా వస్తుంది. ముట్టుకున్నాక ఊపిరి బిగబట్టడమే. ఇంటికొచ్చి వారం రోజులు మంచం మీద పడుకుని ఇదంతా సాధన చేశాను. నా భార్య వాకిట్లో నిలబడి, చింతకాయ కావాలని గునుస్తూ నన్ను వెక్కిరించింది.

నన్ను మోయవలసిన ఇద్దరిలో ఒకడు నా మేనల్లుడు. పెళ్ళాం పిల్లలున్నవాడు, బాధ్యత తెలిసినవాడు. ముందురోజే వాడికి గట్టిగా చెప్పాను. మధ్యలో నవ్వకూడదు, ఆగకూడదు, నేను అరిచినా తిట్టినా బతిమాలినా అదంతా వేషమే, పట్టీలు విప్పమన్నా విప్పకూడదు. వాడు నా చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు పెట్టించుకున్నది నేనే. ఇది దాచను.

డ్రిల్లు రోజున సైరన్ మోగింది. నన్ను స్ట్రెచరు మీద పడుకోబెట్టి ఛాతీ మీద ఒక పట్టీ, తొడల మీద ఒక పట్టీ బిగించారు. ట్రాక్టరు తొట్టిలోకి ఎక్కించి వెనక తలుపు ఎత్తి వేసేటప్పుడు, నా కుడి చెయ్యి స్ట్రెచరు కడ్డీకీ ఆ ఇనప తలుపుకూ మధ్య ఉంది. ఎండుపుల్ల విరిగినంత చప్పుడు. నాకొక్కడికే వినిపించింది. ట్రాక్టరు కదిలింది.

అప్పుడే అరిచి ఉండవచ్చు. అరవలేదు. దారికి రెండు పక్కలా మూడు పాళేల జనం నిలబడి నన్నే చూస్తున్నారు. ఇరవై ఏళ్ళుగా నన్ను వలలు కుట్టే ముసలివాడిగా తప్ప చూడని జనం. నా వేషం కాలు. చేతి నొప్పి ముఖంలోకి వస్తే వేషం చెడుతుంది. అందుకని చేతిని పక్కకు నెట్టి, ఏమీ కాని కాలికి నొప్పి తెచ్చుకున్నాను. ఎడమ చేతిని కాలి వైపు గాలిలో నిలిపాను. తొట్టిలో నిలబడ్డవాళ్ళ పాదాలను చూస్తూ పోయాను. నా జన్మలో అంత కష్టపడి వేసిన వేషం మరొకటి లేదు.

షెల్టరు హాల్లో మమ్మల్ని వరసగా నేల మీద దించారు. నాకు ఒక పక్క గోడ, ఇంకో పక్క ఆ ఇసక బస్తా. తుపాను గాలి వీస్తోందని చెప్పి తలుపులూ కిటికీలూ మూసేశారు. బయట మాడిపోయే ఎండ. ఛాతీ మీద పట్టీ నొక్కుతుంటే ఊపిరి సగం దాకా పోయి వెనక్కి వస్తోంది. విరిగిన చెయ్యి కడ్డీకీ గోడకీ నడుమ ఇరుక్కుంది. లాగుదామంటే ప్రాణం పోతోంది, ఉంచుదామంటే వాస్తోంది. తల తిప్పితే బస్తా, తిప్పకపోతే పైకప్పు. పిలిస్తే నాటకం చెడుతుంది. పిలవకపోతే చెయ్యి పోతుంది. పిలిచినా రావద్దని చెప్పిందీ నేనే.

డ్రిల్లు నడిపే అధికారి, మా మనవరాలి వయసు అమ్మాయి, వీడియో తీయిస్తూ నా దగ్గరికి వచ్చింది. గట్టిగా అరవమంది, పైవాళ్ళకు పంపాలట. నేను ఊపిరి బిగబట్టి ఆమె పాదాలను చూస్తున్నాను. "మాట్లాడరేంటండీ? ఆ పెద్దమ్మను చూడండి, ఎంత బాగా చేస్తోందో" అంది. పెద్దమ్మంటే నా భార్య. హాలు అదిరిపోయేలా పురిటి నొప్పులు పడుతోంది.

ఇక నావల్ల కాక మేనల్లుణ్ణి పిలిచాను.

"అబ్బయ్యా, చెయ్యిరా. చెయ్యి పొయ్యింది."

వాడు వంగి నా మెడలో అట్ట చదివాడు.

"మామా, నీది కాలు. చెయ్యి కాదు."

"నిజంగా చెయ్యేరా. పట్టీ ఇప్పు."

"ఇట్ట అడుగుతానని నువ్వే చెప్పినావు గదా. ఒట్టేసినా. గమ్మునుండు, మేడం చూస్తా ఉండాది."

పాము కరిచినవాడు లేచి కూర్చుని, "ముసలాయన వేషం మర్చిపొయ్యినాడబ్బా" అన్నాడు. హాలంతా నవ్వింది.

తలుపులు తెరిచాక ముందు మైకు, ఆ తర్వాతే పట్టీలు. మైకులో ఆమె అందరినీ మెచ్చుకుని, నన్ను ఆ మాట అంది. నేనప్పుడు ఇంకా పట్టీల్లోనే ఉన్నాను. పట్టీ విప్పి చేతిని చూసిన నా మేనల్లుడు మేడం దగ్గరికి పరిగెత్తాడు. ఆ అధికారి కంగారుపడి కారిచ్చి పంపింది, అది ఒప్పుకోవాలి. కావలిలో ఎక్స్‌రే తీయించేదాకా నా భార్య ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత, మెడలో అట్ట తీయడం కూడా మరిచిపోయి, "మూల నువ్వు సప్పుడు లేకుండా పడుంటే చూసినా. ఈయన మళ్ళా అదే పని చేస్తా ఉండాడు, మళ్ళా ఈలలేయించుకుంటాడు అనుకున్నా" అంది. ఒక్క మనిషైనా నా పద్ధతిని గుర్తుపట్టింది. గుర్తుపట్టి కూడా అది పొరపాటే అనుకుంది.

నటన అంటే నొప్పిని పెంచి చూపించడమని వీళ్ళకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. మనిషి బతుకంతా నొప్పిని దాచే పనిలోనే గడుపుతాడు. ఆ దాపరికాన్ని చూపించగలిగితే అది నటన. మిగతాది గోల.

ఎడమ చేత్తో అర్జీ రాశాను. ఆ ముప్పావు గంటా నేను నటిస్తూనే ఉన్నానని, విరిగిన చేతిని దాచి విరగని కాలు విరిగినట్టు చూపించానని, వీడియో మీ దగ్గరే ఉంది చూసుకోమని, మైకులో అన్న మాటను వెనక్కి తీసుకోమని. కార్యాలయంలో గుమాస్తా అది చదివి, వైద్యం ఖర్చుల ఫారం నా ముందు పెట్టాడు. వద్దన్నాను. మరేం కావాలి అన్నాడు. అర్జీలో ఉందన్నాను. మళ్ళీ మొదటినుంచి చదివి, మళ్ళీ ఆ ఫారమే నా వైపు జరిపాడు. మూడుసార్లు పోయాను, మూడుసార్లూ ఇదే. నాలుగోసారి రిజిస్టరు పోస్టులో పంపాను.

చేతి కట్టు విప్పిన తర్వాత జవాబు వచ్చింది. ముద్ర ఉంది, సంతకం ఉంది. మొత్తం ఇంతే:

"మీ అర్జీ పరిశీలించడమైనది. సదరు వీడియో కూడా చూడడమైనది. ట్రాక్టరు ఎక్కించిన సమయం నుండి మీ చేతికి నిజంగానే గాయమై ఉన్నందున, ఆ తదుపరి మీరు నటించడం లేదని నిర్ధారించడమైనది. నటించని వ్యక్తి నటనపై చేసిన వ్యాఖ్య చెల్లదు కావున సదరు వ్యాఖ్యను ఉపసంహరించుకోవడమైనది. మీరు కోరినది నెరవేరినందున అర్జీ ముగించడమైనది."