వెనక్కి పిలవని బేరం

పూర్ణా మార్కెట్లో నాతో బేరమాడి గెలిచినవాళ్ళు లేరు. ఆ తెలివితోనే, ఎదిగిన కొడుకుని ఇంట్లోంచి పోనిచ్చాను. ఇంతకన్నా గొప్పగా బేరం చెడగొట్టినవాళ్ళు మా వీధిలో ఉంటే చూపించండి.

మాది గిన్నెల కొట్టు. నా పుట్టింటివాళ్ళదీ అదే వ్యాపారం. కొనేవాడు మెట్లు దిగిపోతుంటే వెంటనే పిలవకూడదనీ, పక్క కొట్టు దాకా పోనిస్తే వాడే తిరిగొస్తాడనీ మా నాన్న నేర్పాడు. నా కొడుకు తాగొచ్చేవాడు, గల్లాపెట్టెలో చెయ్యి పెట్టేవాడు. ఒక సాయంత్రం అదేమని అడిగిన తండ్రి మీదకే చెయ్యెత్తి, సంచి భుజాన వేసుకున్నాడు.

"ఎల్లిపోతన్నాను. మరి రాను."

"ఎల్లు. ఎవుడొద్దన్నాడు?" అన్నాను.

సందు మలుపులో ఆగాడు. చెప్పు సరిచేసుకుంటున్నట్టు చాలాసేపు వంగే ఉన్నాడు. మా ఆయన "పిలవ్వే" అన్నాడు. "ఉండండి, ఆడే వత్తాడు" అన్నాను.

రాలేదు.

ఆ తర్వాత నాకు ఒకచోట కూర్చోవడం చేతకాలేదు. తుడిచిన గిన్నెలే మళ్ళీ తుడిచేదాన్ని. ఇత్తడి బిందె తూస్తూ వీధిలోకి చూసేదాన్ని. "ఏటమ్మా, రెండుసార్లు తూసినావు, రెండుసార్లూ నీకే నట్టం" అని ఒకావిడ నవ్వింది. సింహాచలం వెళ్ళి అప్పన్నతోనూ బేరం పెట్టాను: ముందు వాణ్ణి పంపు, మొక్కు తర్వాత. ఆయన కూడా వెనక్కి పిలవలేదు.

వాడు గాజువాకలో గది తీసుకుని, ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న ఒక కంట్రాక్టరు దగ్గర వెల్డింగు పనిలో ఉన్నాడని చివరికి తెలిసింది. మా ఆయనకి చెప్పకుండా బస్సెక్కాను. ఆ ఇంటావిడ గుమ్మంలోనే ఆపింది.

"ఎవులు కావాలమ్మా?"

"మా గుంటడు. ఎల్డింగు పని సేత్తాడు."

"ఓలమ్మ, ఆడు నీ కొడుకా! తాగితే వీధంతా లేపుతాడు. నాకు మాత్రం రోజూ నీల్లు మోసెడతాడు."

ఇంట్లో వాడు చెంబుడు నీళ్ళు ముంచిచ్చింది లేదు. అంతలో వాడే వచ్చాడు. చిక్కిపోయాడు, మోచేతిదాకా కాలిన మచ్చలు. చూడగానే మొదలుపెట్టాను.

"తాగుడు మానీ, నాన్నకి దండం పెట్టీ. కొట్టు నీకు రాయించీత్తాను."

నవ్వాడు. "అమ్మా, నానేటి, బిందెనా? తూసి ధర కడతన్నావు?"

"మరేటి సెయ్యమంటావురా?"

"ఏటీ సెయ్యకు. కూకో. టీ తాగు."

తాగాను. మచ్చల సంగతి అడగాలని మనసు పీకింది. అడగలేదు. బస్సెక్కేముందు, "మళ్ళీ ఆదివారం రానా?" అన్నాను. వాడు రోడ్డుకేసి చూస్తూ, "రా" అన్నాడు.

ఇన్నేళ్ళకి తేలిన లెక్క ఇదీ. వాడు ఇంటికి తిరిగి రాలేదు. తాగుడు తగ్గింది, మానలేదు. తండ్రి పోయేముందు ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు; ఇద్దరూ మాట్లాడుకోలేదు. నాకు దక్కినవి ఆదివారాల టీలు. గదికి తాళం వేసి ఉన్న ఆదివారాలూ ఉన్నాయి. ఆ నష్టాలు వాడి పేర రాయను. అవి నావే.